మూడో కిటికీ

పోయిన వారం మన రికార్డమ్మను సందర్శకుల హాలు గుమ్మంలో, చేతిలో ఒక కాగితంతో నిలబెట్టి వచ్చాం. వారం రోజులు అలా నిలబడితే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి. ఆవిడకు కాళ్ళున్న సంగతే గుర్తు లేదు. అంత కోపంగా ఉంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. ఒకే హాస్టలు గదిలో చదువుకున్న ముగ్గురు ఆడవాళ్ళు, యాభై దాటాక, ఇంట్లో వాళ్ళను ఎవరి ఫ్రిజ్‌కు వాళ్ళను అప్పగించి, పరాయి దేశంలో ఒక చల్లటి సముద్ర తీరానికి పక్షులనూ సీల్ జంతువులనూ చూడటానికి వచ్చారు. కాలేజీలో గదివాళ్ళంతా తన జువాలజీ రికార్డు చూసే బొమ్మలు దించుకున్న పుణ్యానికి రికార్డమ్మ అయినావిడ మొదటిది. చెవిలో రహస్యం చెప్పినా వరండా చివరిదాకా వినిపించే మైకు రెండోది. ఆ గొంతుతోనే ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. మూడోది పళ్ళ డాక్టరు. రికార్డమ్మ అన్నయ్యను చేసుకుంది కాబట్టి స్నేహితురాలు కాస్తా వదిన అయింది. ఆ సంబంధం దగ్గరుండి కుదిర్చింది కూడా రికార్డమ్మే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఆవిడ ఎలాగూ గుర్తుచేస్తుంది.

తక్కిన ఇద్దరూ పడవల్లో తిరుగుతుంటే, రికార్డమ్మ మూడు రోజులపాటు బోర్లించిన ఓ పాత పడవ చాటున, గులకరాళ్ళ మీద బోర్లా పడుకుని కదలకుండా చూస్తూ గడిపింది. ఆ ఓపిక చూసి, తీరానికి కాపలా ఉండే పెద్దావిడ ఒక రహస్యం చెప్పింది. వలల షెడ్డు వెనకాల ఇరుకు ఒడ్డున, కాలం కాని కాలంలో ఒక సీల్ ఈనింది. తెల్లటి బొచ్చు పిల్ల. "ఎవరికీ చెప్పనంటే చూపిస్తాను," అంది. రికార్డమ్మ మాట ఇచ్చింది. పక్క మంచం మీద పడుకునే వాళ్ళకు కూడా చెప్పలేదు. తన నోటుపుస్తకంలో బొమ్మ వేసుకుంది, దారి గుర్తులు రాసుకుంది, పుస్తకం పెట్టెలో పెట్టుకుంది.

నిన్న ఆ బొమ్మ, దారి గుర్తులతో సహా, సందర్శకుల హాలులో నోటీసు బోర్డు మీద ప్రత్యక్షమైంది. కింద రికార్డమ్మ పేరు. సాయంత్రానికి నలభై మంది ఆ ఒడ్డుకు దిగారు. తల్లి సముద్రంలోకి వెళ్ళిపోయింది, తిరిగి గట్టెక్కలేదు.

"మీ మాట నమ్మినందుకు నాకు తగిన శాస్తి జరిగింది," అంది కాపలా ఆవిడ, ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషులో. "రేపు మధ్యాహ్నం పన్నెండు దాటాక పెద్ద పోటు. నీళ్ళు పిల్ల ఉన్నచోటికి వస్తాయి. అప్పటికీ తల్లి రాకపోతే పిల్లను పెట్టెలో పెట్టి పశువైద్యశాలకు పంపేస్తాను. మూడు గంటల ప్రయాణం. అంత చిన్న పిల్ల, తల్లి లేకుండా బతుకుతుందని నేనైతే చెప్పను."

అదీ సంగతి. ఇక కథలోకి.

*

రాత్రి రికార్డమ్మ ఇల్లు చేరేసరికి తక్కిన ఇద్దరూ నిద్రలో ఉన్నారు. ఇప్పుడు పొద్దున పదింబావు. అద్దెకు తీసుకున్న ఇంటి వంటగది. నాలుగు కుర్చీలు, ఒక కాలు పొట్టిదైన టేబులు, ఎంత తిప్పినా తన ఇష్టం వచ్చినప్పుడు గాని వేడెక్కని కరెంటు పొయ్యి. మైకు రొట్టెముక్కలు కాల్చి, తినకుండా వాటికి ఫొటోలు తీస్తోంది. వదిన సింకు దగ్గర కప్పులు కడుగుతోంది.

రికార్డమ్మ వచ్చి కాగితాన్ని టేబులు మీద పెట్టింది. పెట్టిందనడం మర్యాద. రొట్టెలు ఎగిరిపడ్డాయి.

"ఎవరు అంటించారు దీన్ని?"

మైకు వంగి చూసింది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందే పిల్ల! నువ్వు వేశావా? ఎక్కడ చూశావు? మాకు చెప్పనేలేదేం?"

"నటించకు."

"నటనా? కాలేజీ నాటకంలో నాకు ద్వారపాలకుడి వేషం ఇచ్చి, ఊరికే నిలబడటం కూడా చేతకాలేదని తీసేశారు. నేను నటిస్తే నీకు తెలియదా?"

"నిన్న ఇదే రొట్టె ఫొటో నూట పన్నెండు మందికి పంపావు. మొన్న నేను నోరు తెరుచుకుని నిద్రపోతుంటే అదీ పంపావు. మా ఆయన చూసి, 'ఇక్కడ కూడా ఇలాగే గురక పెడుతుంది' అని జవాబు కూడా ఇచ్చారు. నీ కంట పడ్డది లోకం కంట పడకుండా ఉంటుందా? నా పెట్టె తీశావు. పుస్తకం చూశావు. ఆ కుక్కపిల్లలాంటి ప్రాణి చూసి ఆగలేకపోయావు. ఒప్పుకో."

"ఏం పెట్టె? ఏం పుస్తకం? అసలు ఏం జరిగిందో చెప్పకుండా నన్ను బోనెక్కిస్తావేంటే?"

రికార్డమ్మ చెప్పింది. మాట ఇవ్వడం, జనం, తల్లి వెళ్ళిపోవడం, పన్నెండు గంటల పోటు, అన్నీ. చెబుతున్నకొద్దీ గొంతు పైకి పోయింది. మైకు చేతిలో ఫోను కిందికి దిగింది.

"అయ్యో," అంది, మొట్టమొదటిసారి మామూలు గొంతుతో. "కానీ ఇది నీ కాగితమే కదే. ఎవరో నీ పుస్తకంలోంచి చింపి ఉంటారు."

"చింపలేదు. పొద్దున వెలుతుర్లో పక్కపక్కన పెట్టి చూశాను." రికార్డమ్మ నోటుపుస్తకం తెరిచి కాగితం పక్కన పెట్టింది. "ఈ షెడ్డు చూడు. ఎన్ని కిటికీలు?"

"మూడు."

"షెడ్డుకు ఉన్నవి రెండే."

పిల్లను చూసిన మొదటి రోజు వానలో దూరం నుంచి గీస్తుంటే, గోడకు ఆరేసిన నల్ల టార్పాలిన్ ఒకటి అచ్చం కిటికీలా కనిపించింది. మర్నాడు దగ్గరికి వెళ్ళి చూస్తే తెలిసింది. కానీ రికార్డమ్మ దాన్ని చెరపలేదు. చెరపడం ఆ గదిలో చదువుకున్నవాళ్ళ రక్తంలోనే లేదు. జువాలజీ మేడం పెట్టిన చట్టం అది: రికార్డులో రబ్బరు వాడారో, పేజీ కొట్టేస్తాను. తప్పు పోతే తప్పును అలాగే ఉండనిచ్చి, వెనక పేజీలో దిద్దుకోవాలి. రికార్డమ్మ వెనక పేజీలో బుద్ధిగా రాసుకుంది: 'మూడోది కిటికీ కాదు, ఆరేసిన టార్పాలిన్.'

"ఇది దించినవాళ్ళు వెనక పేజీ తిప్పలేదు," అంది. "షెడ్డు ముఖం కూడా చూడలేదు. నా బొమ్మ ముందు పెట్టుకుని మక్కికి మక్కి దించేశారు. లేని కిటికీతో సహా, పిల్ల మీసాల వెంట్రుకలతో సహా. పుస్తకం ఈ ఇల్లు దాటి వెళ్ళలేదు. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం. అందులో నేను కాదు."

"నేనూ కాదు తల్లీ!" మైకు కుర్చీలోంచి లేచింది. "నేను వేసిన బొద్దింకకు తొమ్మిది కాళ్ళు వచ్చాయి. మేడం కళ్ళద్దాల్లోంచి చూసి, 'ఇది ఎక్కడ దొరికిందమ్మా, మనం పేరు పెడదాం' అన్నారు. స్కేలు పెట్టి గీసినా నా గీత వంకర పోతుంది. ఈ చుక్కలు చూడు, ఒక్కో చుక్క ఆవగింజలా ఎలా పెట్టారో! ఇంత ఒద్దికైన చెయ్యి నాదని నువ్వే అంటే..."

మాట సగంలో ఆగింది. ఇద్దరూ సింకు వైపు తిరిగారు.

వదిన కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది. నీళ్ళు కట్టేసింది. తిరగలేదు.

"నేనే," అంది.

పొయ్యి చిటపటలాడింది. అది కూడా సరిగ్గా అప్పుడే వేడెక్కాలా.

"ఎప్పుడు?" అంది రికార్డమ్మ.

"మొన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. తువ్వాలు కోసం పెట్టె తీశాను. పుస్తకం పైనే ఉంది."

"నా స్నానం అరగంట. అరగంటలో ఇన్ని చుక్కలు పెట్టావా?"

"నీ అంత బాగా రాలేదులే."

"మెచ్చుకోమని అడగలేదు వదినగారూ!"

ఇద్దరి మధ్యా ఉన్న పలకరింపుల పట్టిక తెలిస్తే గాని ఆ 'గారూ' ఎంత దెబ్బో అర్థం కాదు. నలుగురిలో వదిన. ఇద్దరే ఉంటే ఒసే. 'వదినగారూ' అన్నది ఇప్పటివరకు ఒక్కసారే వచ్చింది, పదిహేనేళ్ళ క్రితం, ఒక చీర విషయంలో. తరవాత నాలుగు నెలలు మాటల్లేవు.

వదిన తిరిగింది. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకోబోయి, ప్యాంటు వేసుకున్న సంగతి గుర్తొచ్చి అలాగే వదిలేసింది. "చెడగొట్టాలని కాదే. ఆ హాలులో ఏడాదికోసారి ఒక పుస్తకం వేస్తారట. బోర్డు మీద పెట్టినవాటిలో మంచివి ఏరి, చూసినవాళ్ళ పేరుతో సహా అచ్చు వేస్తారట. నువ్వెలాగూ పెట్టవు. నువ్వు దాచుకున్నావే గాని, మాట ఇచ్చావని నాకు తెలియదు. నీ పేరు ఒక్కసారి అచ్చులో చూద్దామని..."

"నా పేరు శుభలేఖలో అచ్చయింది. సరిపోయింది. ఇంకా చూడాలని నేను నిన్ను అడిగానా? దారి గుర్తులు దేనికి రాశావు? రాయి దగ్గర ఎడమకు, గోడ దాటాక కుడికి అని, పెళ్ళి భోజనాలకు దారి చెప్పినట్టు!"

"నీ పేజీలో ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాశాను."

"ఉన్నది ఉన్నట్టు! బుర్ర పెట్టకుండా దించడం ఇంకా పోలేదా నీకు? యాభై ఒకటొచ్చాయి!"

మైకు మధ్యలో చెయ్యి పెట్టింది. "పోనీలేవే, దాని ఉద్దేశం..."

"నువ్వు మాట్లాడకు. నీకు క్షమాపణ తరవాత చెప్తాను." రికార్డమ్మ కాగితం ఎత్తి, పేరున్న మూల మీద వేలు పెట్టింది. "ఇది నా పాత ఇంటిపేరు. పెళ్ళయ్యాక నేను వదిలేసిన ఇంటిపేరు. మా అన్నయ్యను చేసుకుని నువ్వు తెచ్చుకున్న ఇంటిపేరు. చివరికి ఇంటిపేరు కూడా కాపీ కొట్టావు, నేనేమీ అనలేదు. దీని మీద ఇప్పటి పేరు రాయక, ఆ పేరెందుకు రాశావు?"

వదిన జవాబు చెప్పకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళూ చెప్పకుండా ఉండటం ఆవిడకు బాగా అలవాటైన పనే. కానీ మనిషి ఒక తప్పు ఒప్పుకున్నాక, రెండోది దానంతటదే జారిపోతుంది.

"ఆ పేరే ఉండేది," అంది, "నీ రికార్డు అట్ట మీద."

"ఏ రికార్డు?"

"నేను చించిన అట్ట మీద."

మైకు మెల్లగా కూర్చుంది.

ఇంటర్ రెండో ఏడు పరీక్షలకు నాలుగు రోజుల ముందు హాస్టలు గదిలోంచి రికార్డమ్మ రికార్డు మాయమైంది. పుస్తకం లేనిదే ప్రాక్టికల్స్‌కు రానివ్వరు. నాలుగు రోజుల్లో, వేళ్ళు వాచిపోయేలా, రెండొందల బొమ్మలు మళ్ళీ వేసింది. మేడం సంతకాలు లేని కొత్త పుస్తకానికి మార్కులు తెగ్గోశారు. ఆ మార్కులతోనే సీట్లిచ్చే రోజులవి. పళ్ళ డాక్టరు చదువుకు ఆ కాలేజీకి కేటాయించిన సీటు ఒక్కటే. రెండు మార్కుల తేడాతో అది రికార్డమ్మకు రాలేదు. ఎవరికొచ్చిందో చెప్పనక్కర్లేదు, ఎదురుగా తడి చేతులతో నిలబడి ఉంది.

"నాది సగం కూడా కాలేదు," అంది వదిన. "మా నాన్న సంగతి నీకు తెలుసు. తప్పితే మర్నాడే పెళ్ళి. నీకు మళ్ళీ వేయడం చేతనవుతుంది, నాకు కాదు. అట్ట చించి నాది అంటించాను. నీకు సీటు పోతుందనుకోలేదే. రెండు మార్కులు... ఒట్టు, అనుకోలేదు. నీ పేరు అప్పుడు చించాను కదా, ఇప్పుడు అతికిద్దామనుకున్నాను. అంతే."

ముందు పేలింది మైకు.

"ముప్పై మూడేళ్ళు!" ఆ గొంతుకు పొయ్యి మీద మూత అదిరింది. "ముప్పై మూడేళ్ళుగా అది నేను పోగొట్టాననుకుంటున్నాను! జూనియర్లకు ఎవరికో ఇచ్చి మర్చిపోయానని! నాకు గుర్తు లేకపోయినా, నేను ఏదైనా పోగొడతాను కాబట్టి అదీ నేనే పోగొట్టి ఉంటానని! ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో ఈ రికార్డమ్మ 'నా రికార్డు ఏదే' అని దెప్పుతుంటే పళ్ళికిలించుకుని పడ్డాను. పక్కనే కూర్చుని నువ్వూ నవ్వావు! నవ్వలేదూ?"

"నవ్వాను," అంది వదిన.

రికార్డమ్మ అరవలేదు. అంతసేపూ అరిచిన మనిషి ఉన్నట్టుండి ఆగడంతో, పక్కన ఉన్న ఇద్దరికీ భయం వేసింది.

"నీ పెళ్ళికి పెళ్ళిపెద్దను నేను," అంది. "మా అమ్మ వద్దంటే, దాని చేతులు చూడమ్మా ఎంత నెమ్మదో అని ఒప్పించాను. ప్రతి ఆరు నెలలకూ నీ కుర్చీలో పడుకుని నోరు తెరిచాను. నా చిగుట్లో సూది దించుతున్నప్పుడు కూడా నీ మొహమే చూస్తూ పడుకున్నాను. నమ్మకం. అన్నిసార్లు నా నోరు తెరిపించావే, నీ నోరు ఒక్కసారి తెరుచుకోలేదా?"

"ఎన్నిసార్లో అనుకున్నాను..."

"అనుకున్నావు."

"ఇంట్లో తెలిస్తే మీ అన్నయ్య... పిల్లలు..." వదిన కళ్ళలో నీళ్ళతోపాటు ఇంకేదో వచ్చింది. తప్పు చేసినవాళ్ళకు మూల చిక్కినప్పుడు వచ్చే రోషం. "అయినా నువ్వు మళ్ళీ రాసుండొచ్చు కదే! మరుసటి ఏడు పరీక్ష రాయొచ్చు. పెళ్ళయ్యాక చదవొచ్చు. ముప్పై మూడేళ్ళూ నేను పట్టుకుని కూర్చోలేదు కదా నీ కాళ్ళు!"

"ఒసే, అది అనకూడదే," అంది మైకు మెల్లగా.

అనేసింది. రికార్డమ్మ ముఖం తెల్లబడింది. రొట్టె పళ్ళెం అందుకుంది. విసురుతుందనుకున్నారు. విసరలేదు. ఇల్లు గడిపిన మనిషి, పగిలితే ఏరాల్సింది ఎవరో తెలుసు. పళ్ళెం సింకులో పెట్టి, గోడ గడియారం చూసింది. పదకొండుకు పది నిమిషాలు.

"నా సంగతి ఇంటికెళ్ళాక చూసుకుందాం. దానికి గంటన్నరే ఉంది. చెప్పులు వేసుకో."

"ఎక్కడికి?"

"నువ్వే వచ్చి ఆవిడకు చెప్పు. నా మాట పోయింది ఆవిడ దగ్గర. నాకు అది కావాలి."

*

రాతి గోడల మధ్య సందు దారిలో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. మామూలుగా ఆ దారంట మైకు ఒక్కతే ముగ్గురికి సరిపడా మాట్లాడుతుంది. ఇవాళ చెప్పుల చప్పుడే.

షెడ్డు మలుపు తిరిగేసరికి జనం గోల వినిపించింది. పాతిక మంది ఉంటారు. కట్టిన తాడు దాటి పదిమంది లోపలికి వెళ్ళిపోయారు. ఒక ఎర్ర టోపీ పెద్దమనిషి తన భార్యను పిల్లకు రెండడుగుల దూరంలో కూర్చోబెట్టి, ఇంకాస్త జరుగు, ఇంకాస్త, అని చేత్తో సైగ చేస్తున్నాడు. పిల్ల రాళ్ళ మీద తెల్లటి మూటలా పడి ఉంది. కాపలా ఆవిడ ఒక్కతే, ఒకరిని వెనక్కి పంపితే ఇద్దరు ముందుకు వస్తుంటే, ఎవరికి అడ్డం పడాలో తెలియక తిరుగుతోంది.

పొద్దుటి నుంచి పళ్ళెం విసరకుండా అట్టేపెట్టుకున్న కోపమంతా రికార్డమ్మకు అక్కడ పనికొచ్చింది.

"సిగ్గుందా మీకు!" అంది, శుద్ధమైన తెలుగులో. "పాలు తాగే పిల్ల అది! మీ ఇంట్లో బాలింత మంచం చుట్టూ ఇలాగే మూగుతారా? లేవమ్మా, ముందు నువ్వు లే! ఏమయ్యా ఎర్ర టోపీ, నీకు వేరే చెప్పాలా? బయటికి నడవండి! నడవండి!"

నిశ్శబ్దం పాటించండి అని బోర్డు ఉంది. సరిగ్గా దాని కిందే నిలబడి అరిచింది. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, విషయం మాత్రం అందరికీ అర్థమైంది. వెనకనుంచి మైకు కూడా అందుకుంది. ఆ రెండు గొంతులకూ ఎర్ర టోపీ గాలికి పోయినట్టు పోయాడు. ఐదు నిమిషాల్లో ఒడ్డు ఖాళీ. తాడు ఇవతల ముగ్గురు ఆడవాళ్ళు, కాపలా ఆవిడ.

ఆవిడ మొహంలో మెప్పేమీ లేదు. "మీరు పిలిచిన జనాన్ని మీరే తరుముతున్నారా?" అంది.

వదిన ముందుకు వచ్చింది.

"ఆవిడ పిలవలేదు. నేను. బొమ్మ ఆవిడది. నేను దొంగచాటుగా కాపీ కొట్టాను. అడక్కుండా ఆవిడ పేరు పెట్టాను. ఆవిడకు తెలియదు."

రికార్డమ్మ సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఆ నాలుగు మాటలు ముప్పై మూడేళ్ళ క్రితం మేడం గదిలో వినాల్సినవి. ఇంత దూరం వచ్చి, ఇంత చలిలో, ఎవరో పరాయి మనిషి ముందు వింది. చల్లారుతుందనుకున్న కోపం చల్లారలేదు. ఇంత తేలికైన నాలుగు మాటలకు ఇన్నేళ్ళు పట్టిందా అని ఇంకా రగిలింది.

"ఎందుకు చేశారు?" అంది కాపలా ఆవిడ.

"అది చెప్పాలంటే ముప్పై మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి."

"నాకు ముప్పై మూడు నిమిషాలు కూడా లేవు." ఆవిడ నీళ్ళవైపు చూపించింది. అలలు అప్పటికే కింది వరస రాళ్ళను మింగేశాయి. దూరంగా నీళ్ళ మీద నల్లటి తల ఒకటి తేలుతూ మునుగుతోంది. ఆవిడ మూడు కాళ్ళ స్టాండు మీది దుర్భిణి రికార్డమ్మ వైపు తిప్పింది. పొద్దుటినుంచి మొదటిసారి ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "మూడు రోజులు చూసింది మీరు. చెప్పండి. అది తల్లా, దారినపోయే ఇంకోటా?"

రికార్డమ్మ కన్ను ఆనించింది. మెడ ఎడమవైపు నెలవంకలాంటి మచ్చ, దాని కింద రెండు చుక్కలు. "తల్లే. వదిలి వెళ్ళలేదు. పిల్లనే చూస్తోంది."

"మరి జనం పోయారు కదా. రాదేం?" అంది మైకు.

వదిన ఒక్కతే తల్లిని చూడటం లేదు. దుర్భిణిని అడక్కుండానే పిల్లవైపు తిప్పుకుని వంగి ఉంది. అడక్కుండా తీసుకోవడం ఆవిడకు కొత్త కాదనుకుంది రికార్డమ్మ.

"దాని నోరు చూశారా?" అంది వదిన.

"ఏమైంది?"

"మూసుకోవడం లేదు. కింది దవడ ఎడమకు జారి ఉంది. వాపు. పెదవి చివర సన్నటి దారం వేలాడుతోంది." గొంతు మారిపోయింది. ఏడుపూ లేదు, సంజాయిషీ లేదు. క్లినిక్‌లో కుర్చీ పక్కన నిలబడ్డప్పటి గొంతు అది. "చేపల గాలం. నిన్న ఎవరో పిల్లకు తిండి పెడదామని ఎర ముక్క విసిరి ఉంటారు. నోట్లో దిగింది. తల్లి వచ్చినా అది పాలు తాగలేదు."

కాపలా ఆవిడ దుర్భిణిలోంచి చూసి, తన భాషలో ఒక మాట అంది. అర్థం ఎవరూ అడగలేదు.

"దీన్ని ఇలాగే పెట్టెలో పెట్టి మూడు గంటలు కుదిపితే ఆ ములుకు గొంతులోకి పోతుంది. ఇక్కడే తీయాలి. పట్టకారు ఉంది. కానీ ఇవి చూడండి." ఆవిడ చేతులు చాపింది. కణుపులు ఉబ్బి వంకర్లు పోయిన వేళ్ళు. "పిల్లను అదిమి పట్టుకోగలను. అంత చిన్న నోట్లో ఈ వేళ్ళు పనిచేయవు."

వదిన అప్పటికే ఉంగరాలు తీసి జేబులో వేసుకుంది. గడియారం విప్పుతోంది.

"నువ్వు దాన్ని ముట్టుకోవద్దు," అంది రికార్డమ్మ, తాడుకు అడ్డంగా నిలబడి. "నీ చెయ్యి పడబట్టే దానికి ఈ గతి పట్టింది. నీ చెయ్యి పడిన చోటల్లా..."

"తరవాత తిట్టవే."

"తరవాత కూడా తిడతాను!"

"సరే. ముందు జరుగు."

రికార్డమ్మ ఆ చేతులవైపు చూసింది. నెమ్మదైన చేతులు. తన రెండొందల బొమ్మల మీదుగా నడిచి వెళ్ళి తెచ్చుకున్న చేతులు. ఆ తీరం మొత్తం మీద వాటిని అసహ్యించుకోవడానికి తనకున్నంత హక్కు ఎవరికీ లేదు. ఆ తీరం మొత్తం మీద అవి తప్ప ఆ పనికి వేరే చేతులూ లేవు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం ఆవిడకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

తాడు పట్టుకుని పైకెత్తింది.

"పో. అది బతక్కపోతే మాత్రం నా మొహం చూడకు."

కాపలా ఆవిడ త్వరత్వరగా చెప్పింది. లోపలికి ఇద్దరే. ఒకరు పట్టుకోవడానికి, ఒకరు తీయడానికి. మైకు దారి మొగలో జనాన్ని ఆపాలి. రికార్డమ్మ తాడు దగ్గర నిలబడి తల్లిని చూస్తుండాలి. "దాని పళ్ళు కుక్క పళ్ళకంటే పెద్దవి. తల్లి గట్టెక్కితే చెయ్యి పైకెత్తండి. మేం వదిలేసి పరుగెత్తుతాం. అరవొద్దు. గాలం నోట్లో ఉండగా పిల్ల బెదిరి తల విదిలించిందా, గొంతు చీరుకుపోతుంది. ఏం జరిగినా అరవొద్దు."

రికార్డమ్మ తల ఊపింది.

ఇద్దరూ వంగి రాళ్ళ మీదుగా వెళ్ళారు. కాపలా ఆవిడ దుప్పటి వేసి పిల్ల మీదికి ఒరిగి, తలను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంది. వదిన సముద్రానికి వీపు పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. పట్టకారు మెరిసింది. వేళ్ళు పిల్ల నోట్లోకి వెళ్ళాయి. ఎంత మెల్లగా వెళ్ళాయంటే, ఇంత దూరం నుంచి చూస్తున్న రికార్డమ్మకు తన చిగుళ్ళే జివ్వుమన్నాయి.

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణమే ఆవిడ తల్లిని వదిలి ఆ చేతులను చూసింది.

మళ్ళీ నీళ్ళవైపు చూసేసరికి తల లేదు.

దుర్భిణి అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఖాళీ నీళ్ళు. కన్ను తీసి మామూలుగా చూసింది. అల ఒకటి ఒడ్డుకొచ్చి విరిగి వెనక్కి పోయింది. పోయినచోట, నురగ కింద రాయనుకున్నది కదిలింది. మెడ ఎడమవైపు నెలవంక. గట్టు మీదికి వచ్చేసింది. పొట్టతో రాళ్ళను తోసుకుంటూ, అంత బరువైన ఒళ్ళు అంత వేగంగా కదులుతుందని ఎవరూ నమ్మనంత వేగంగా, చప్పుడంతా అలల్లో కలిసిపోతుంటే, వదిన వీపు వైపు వస్తోంది. ఇరవై అడుగులు. పదిహేను.

రికార్డమ్మ చెయ్యి పైకెత్తింది.

కాపలా ఆవిడ తల పిల్ల మీదికి వంచే ఉంది. వదిన చూపు ఆ చిన్న నోట్లోంచి పైకి లేవలేదు. దారి మొగలో మైకు అవతలి వైపు తిరిగి ఎవరితోనో పోట్లాడుతోంది.

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉంది. ఎవరూ చూడటం లేదు. పది అడుగులు.

ఇక ఆవిడ దగ్గర మిగిలింది గొంతొక్కటే.